మేనత్త చేతి వణుకును కొలిచే పెట్టె: తయారీ డైరీ

61 రికార్డింగులు చేశాను. వాటిలో 40 చెత్తబుట్టలోకి పోయాయి. అవి ఎందుకు పోయాయో రాసి పెడితే ఇంకొకరికి కనీసం రెండు నెలల శ్రమ మిగులుతుందని ఈ డైరీ. మొదటి వారం ఉత్సాహం, కొనాల్సిన వాటి చిట్టా, స్నేహితుల సలహాలు అన్నీ వదిలేస్తున్నాను.

సందర్భం మాత్రం చెప్పాలి. మాది నరసాపురం. మా మేనత్త నలభై ఏళ్లుగా లేసు అల్లుతోంది. రెండేళ్ల నుంచి కుడి చేయి వణుకుతోంది. భీమవరంలో నరాల డాక్టరు గారు "వణుకు ఎప్పుడు వస్తుంది, ఎంత వస్తుంది?" అని అడిగితే ఇంట్లో నలుగురం నాలుగు జవాబులు చెప్పాం. మామయ్య లెక్కలో అసలు వణుకే లేదు. ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి, ఆ నలుగురిలో నేనూ ఉన్నందుకు సిగ్గేసింది.

ఈ పెట్టె జబ్బుకు పేరు పెట్టదు. ఆ పని డాక్టరుదే. సెకనుకు ఎన్నిసార్లు, ఎంత మేర వణుకుతోందో మాత్రం చెబుతుంది. అది సరిగ్గా చెప్పించడానికే ఇంత కథ నడిచింది.

దశ 1: చేతికి బరువు కట్టడం

సామగ్రి: ఈఎస్‌పీ32 అనే బుల్లి కంప్యూటరు బోర్డు, త్వరణాన్ని కొలిచే ఎంపీయూ6050 సెన్సరు, మెమరీ కార్డు పెట్టుకునే చిన్న మాడ్యూలు, ఒక లిథియం బ్యాటరీ, దాని ఛార్జరు ముక్క. అన్నీ ఒక సబ్బుపెట్టెలో బిగించి మణికట్టు ముందు, చేతి వీపు మీద కట్టాను.

తూచి చూస్తే 96 గ్రాములు. అందులో సగం బ్యాటరీయే. చేతి మీద ఇంత బరువు పెట్టి వణుకు కొలవడమంటే నెత్తిన బస్తా పెట్టి మనిషి నడక ఎలా ఉందో చూడటమే. వణుకులో కొంత భాగం చేతి బరువు మీద, కండరాల బిగువు మీద ఆధారపడుతుంది. బరువు మారితే కొలిచేది కూడా మారిపోతుంది. తొమ్మిది రికార్డింగులు చేశాక గానీ ఈ సంగతి తట్టలేదు.

మార్చింది:

1. సెన్సరు ఒక్కటే చేతి మీద. పట్టీతో కలిపి 8 గ్రాములు.
2. బోర్డు, బ్యాటరీ ఉన్న సబ్బుపెట్టె నడుముకు.
3. మధ్యలో 1.2 మీటర్ల తీగ. మొదట వాడిన బల్లపరుపు రిబ్బన్ తీగ స్ప్రింగులా చేతిని లాగుతోంది. పాత ఇయర్‌ఫోను తీగ మెత్తగా ఉంటుంది. దాని పోగుల మీద లక్కపూత ఉంటుంది కనుక టంకం ఊరికే అంటదు. వేడి టంకం బొట్టులో కాసేపు ముంచి పూత కాల్చాలి. ఈ కిటుకు పాలకొల్లులో టీవీలు బాగుచేసే ఒక మేస్త్రి చూపించాడు, డబ్బు తీసుకోలేదు.
4. తీగ పొడవు పెరగగానే సెన్సరు మాటిమాటికీ మూగబోయింది. బోర్డుకు, సెన్సరుకు మధ్య సంకేత వేగాన్ని 400 కిలోహెర్ట్జ్ నుంచి 100కు తగ్గించి, సంకేతాలు మోసే రెండు తీగలకూ 2.2 కిలో ఓముల నిరోధాలు కలిపితే కుదురుకుంది.

సెన్సరు నిజం చెబుతోందో లేదో చూడటానికి బల్ల మీద ఆరు ముఖాలూ ఒక్కొక్కటిగా కిందికి పెట్టి చదివాను. భూమి ఆకర్షణ ప్రతి అక్షం మీద +1, −1 జీ చూపాలి (ఆ ఆకర్షణ ఇచ్చే త్వరణమే ఒక జీ). నిలువు అక్షం +1.06, −0.95 చూపింది. అంటే 0.055 జీ పక్కకు జరిగి ఉంది, కొలబద్ద మాత్రం దాదాపు సరే. ఆ 0.055ను ప్రోగ్రాములో తీసేశాను.

ఇప్పటివరకు ఖర్చు: బోర్డు 450, సెన్సరు 180, మాడ్యూలు 70, కార్డు 350, బ్యాటరీ ఛార్జరు కలిపి 260. మొత్తం 1,310 రూపాయలు.
రికార్డింగులు: 9. పారేసినవి: 9.

దశ 2: గడియారం అబద్ధం

సెకనుకు 100 సార్లు చదవమని బోర్డుకు చెప్పాను. చదువుతోందనే నమ్మాను. తనిఖీ చేయాలంటే తెలిసిన వేగంతో ఊగే వస్తువు ఒకటి కావాలి. రంపపు బ్లేడు ఒకటి కొని, ఒక కొసను బెంచి వైసులో బిగించి, రెండో కొసకు సెన్సరు కట్టి వేలితో మీటాను. పక్కనే ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీశాను.

వీడియోలో 10 ఊపులకు 400 ఫ్రేములు పట్టాయి. అంటే సెకనుకు 6 ఊపులు, 6.0 హెర్ట్జ్. నా పెట్టె 6.9 చెప్పింది.

రెండు రోజులు లెక్కలో తప్పు వెతికాను. తప్పు లెక్కలో లేదు, కార్డులో ఉంది. మెమరీ కార్డు అప్పుడప్పుడు రాత కోసం పదో వంతు సెకనుకు పైగా ఆగిపోతుంది. ఆ సమయంలో రావలసిన చదువులు గల్లంతు. నిజానికి సెకనుకు 87 మాత్రమే అందుతున్నాయి, నేను 100 అనుకుని లెక్క వేస్తున్నాను. 6.0ని 100తో హెచ్చించి 87తో భాగిస్తే సరిగ్గా 6.9. ఆ అంకె కుదిరిన క్షణాన వచ్చిన ఆనందం పెట్టె చివరికి పనిచేసినప్పుడు కూడా రాలేదు.

దిద్దుబాటు:

1. సెన్సరు లోపలే 1024 బైట్ల తాత్కాలిక నిల్వ ఉంది. చదివే పని దానికే వదిలేశాను. మూడు అక్షాల త్వరణానికి ఒక్కో చదువుకు 6 బైట్లు, సెకనుకు 600. కార్డు సెకనున్నర నిద్రపోయినా ఏదీ పోదు.
2. భ్రమణం కొలిచే భాగాన్ని ఆపేశాను. అది కలిస్తే నిల్వ ముప్పాతిక సెకను దాటగానే నిండిపోతుంది.
3. సెన్సరు లోపలి వడపోతను 44 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. సెకనుకు 100 చదువులతో 50 హెర్ట్జ్‌కు పైన ఉన్నదేదీ నమ్మదగింది కాదు. వడకట్టకపోతే అది కిందికి దిగి వేరే వేషంలో కనిపిస్తుంది.

మళ్లీ బ్లేడు మీటితే 6.0 వచ్చింది.

మొత్తం ఖర్చు: 1,335. రికార్డింగులు: 17. పారేసినవి: 17.

దశ 3: 5.2 హెర్ట్జ్ దయ్యం

ఇది కాస్త వివరంగా రాస్తాను. ఈ పనికి దిగిన ఎవరైనా ఇక్కడే బోల్తా పడతారు.

పెట్టె సరిగ్గా ఉందనుకుని అత్త చేతికి కట్టాను. ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత వణుకు ఉందో చూపే రేఖాచిత్రంలో రెండు శిఖరాలు: ఒకటి 5.9 దగ్గర, ఒకటి 5.2 దగ్గర. పుస్తకాలు చూస్తే పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బులో చేయి కదలకుండా ఉన్నప్పుడు వచ్చే వణుకు సాధారణంగా 4 నుంచి 6 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. చేయి చాపినప్పుడు, పని చేసేటప్పుడు వచ్చే ఎసెన్షియల్ ట్రెమర్ 4 నుంచి 12 మధ్య. అత్తకు రెండూ ఉన్నాయేమోనని ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

తెల్లవారాక నా చేతికి కట్టుకున్నాను. నాకూ 5.2. పదో తరగతి చదివే మా అబ్బాయికి కట్టాను. వాడికీ 5.2. ఇంటిల్లిపాదికీ ఒకే జబ్బు ఉండదు కదా. నా గదిలో ఫ్యాను కట్టేశాను. శిఖరం కదల్లేదు. బల్ల మార్చాను, కుర్చీ మార్చాను. కదల్లేదు.

మరుసటి మధ్యాహ్నం కరెంటు పోయింది. బ్యాటరీ మీద నడుస్తున్న పెట్టె రికార్డు చేస్తూనే ఉంది. 5.2 మాయం.

మాది పాత మండువా ఇల్లు. నా గది మేడ మీద. టేకు దూలాల మీద పరిచిన చెక్కలే దానికి నేల. ఆ దూలానికే కింది గది ఫ్యాను వేలాడుతోంది. నా గదిలో ఫ్యాను ఆపితే ఏమవుతుంది, కింద అమ్మ ఫ్యాను తిరుగుతూనే ఉందాయె! దాని రెక్క మీద సుద్దముక్కతో గీత గీసి వీడియో తీస్తే ఒక చుట్టుకు 46 ఫ్రేములు. 240ని 46తో భాగిస్తే 5.2. రెగ్యులేటరు ఒక మెట్టు తగ్గిస్తే శిఖరం కూడా 4.3కు దిగింది. ఇక అనుమానం లేదు. రెక్కల తూకం సరిగా లేని ఫ్యాను దూలాన్ని, దూలం చెక్కలను, చెక్కలు కుర్చీని, కుర్చీ మోచేతిని ఊపుతున్నాయి.

దాని పరిమాణం 0.004 జీ. చిన్నదే. కానీ ఆరోగ్యవంతుడి చేతి సహజ వణుకు కూడా ఇంచుమించు అంతే. పైగా మామూలు ఫ్యాను నిమిషానికి మూడు వందల చుట్లు తిరిగితే సెకనుకు 5 అవుతుంది. మన ఇళ్లలో ప్రతి కప్పు నుంచీ ఒక పార్కిన్సన్స్ అంకె వేలాడుతోందన్నమాట.

అప్పటి నుంచి పాటిస్తున్న నియమాలు:

1. రికార్డింగు కింది అంతస్తులో, గచ్చు నేల మీద.
2. ఫ్యాన్లు, నీళ్ల మోటారు, మిక్సీ కట్టేయాలి.
3. ప్రతి రికార్డింగుకు ముందు సెన్సరును ఊరికే బల్ల మీద పెట్టి ఒక నిమిషం నమోదు చేయాలి. అందులో ఏ శిఖరం కనిపించినా ఆ రోజుకు పని లేదు.

మొత్తం ఖర్చు: 1,335. రికార్డింగులు: 29. పారేసినవి: 27.

దశ 4: ఉప్పు గాలి

వారం రోజులు సెలవులకు వెళ్లొచ్చేసరికి సెన్సరు పిన్నుల మీద పచ్చని చిలుము. సముద్రం మాకు దగ్గర, వశిష్ఠ గోదావరి ఇంకా దగ్గర, ఆ పైన ఆగస్టు నెల. సెన్సరు చచ్చింది. కొత్తది తెచ్చి, టంకం వేసిన చోటల్లా గోళ్లరంగు రెండు పూతలు వేశాను. కార్డు దూర్చే చోట మాత్రం వేయకూడదు. నేను వేశాను. ఐదు రికార్డింగులు ఖాళీగా వచ్చాయి.

మొత్తం ఖర్చు: 1,555. రికార్డింగులు: 34. పారేసినవి: 32.

దశ 5: గాజులు, కాఫీ, అరకిలో గుండు

అత్తతో అసలు పని ఇక్కడ మొదలు. మొదటి రోజు రికార్డులో 0.6 జీ దాకా సూదుల్లాంటి ఎగుళ్లు. గాజులు జారి సెన్సరుకు తగులుతున్నాయి.

"తీసి పక్కన పెట్టు అత్తా, పది నిమిషాలే."

"నీ మామయ్య దిట్టంగా ఉండగా గాజులు తీయమంటావేమిటిరా? నీ పెట్టె కోసమా?"

గాజులను మోచేతి వైపు నెట్టి పైన చేతిరుమాలు కట్టాం. సమస్య తీరింది. చేతికి గుడ్డ కట్టిన చోట బిగుతుగా ఉండకూడదు, అది వేరే వణుకు తెస్తుంది.

రెండోది కాఫీ. కాఫీ తాగిన అరగంటకు తీసిన కొలత, తాగక ముందు దానికి దాదాపు రెట్టింపు. అందుకని రోజూ ఉదయం ఆరున్నరకు, కాఫీకి ముందు. ఈ ఒక్క నియమం గురించి అత్త ఇప్పటికీ నన్ను క్షమించలేదు.

పద్ధతి:

1. చేతులు ఒళ్లో వదులుగా పెట్టుకుని 60 సెకన్లు.
2. కుడి చేయి ముందుకు చాపి 60 సెకన్లు.
3. లేసు సూది పట్టుకుని అల్లుతూ 60 సెకన్లు.
4. ప్రతి నిమిషాన్నీ 10 సెకన్ల ముక్కలుగా కోసి పౌనఃపున్యాలు (సెకనుకు ఎన్ని ఊపులో) తీసి సగటు చూడాలి. 10 సెకన్ల ముక్కతో 0.1 హెర్ట్జ్ తేడా వరకే తెలుస్తుంది. అంతకంటే సన్నగా అంకెలు రాసుకుని మురిసిపోవద్దు.
5. నిలువు అక్షాన్నే లెక్కలోకి తీసుకోవాలి. చేయి కొద్దిగా వంగినా వేళ్ల దిశలో ఉన్న అక్షం మీద గురుత్వం వచ్చి పడి, వణుకు ఉన్నదాని కన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

ఫలితం: ఒళ్లో పెట్టుకున్నప్పుడు శిఖరమే లేదు. చాపినప్పుడు 5.9 హెర్ట్జ్, 0.11 జీ. అల్లేటప్పుడు అదే 5.9, కానీ 0.19 జీ.

జీలను మిల్లీమీటర్లలోకి మార్చడం తేలిక. త్వరణాన్ని, పౌనఃపున్యానికి 6.28 రెట్ల వర్గంతో భాగించాలి. చాపినప్పుడు అటు 0.8, ఇటు 0.8, మొత్తం 1.6 మిల్లీమీటర్లు. అల్లేటప్పుడు 2.7. అత్త అల్లే సన్నరకం లేసులో కన్ను 2 మిల్లీమీటర్లు ఉంటుంది. సూది కొస దారం దగ్గరకు వెళ్లి కంటికి అవతల పడుతోందని రెండేళ్లుగా తను చెబుతున్నది సరిగ్గా ఈ 0.7 మిల్లీమీటర్ల గురించే.

తరువాత బరువు పరీక్ష. కిరాణా కొట్టు నుంచి అరకిలో గుండు అరువు తెచ్చి, గుడ్డసంచిలో వేసి చాపిన అరచేతికి కట్టాను. నా చేతి సహజ వణుకు 8.6 నుంచి 6.7కు దిగింది. స్ప్రింగుకు బరువు కడితే నెమ్మదిగా ఊగినట్టే. అత్తది 5.9 నుంచి 5.8. దాదాపు కదల్లేదు. తాళం వేస్తున్నది చేయి అయితే బరువుకు లొంగేది. మెదడులోని వలయం వేస్తోంది కనుకే లొంగలేదు. ఈ తేడాను నరాల వైద్యులు ఎప్పటి నుంచో వాడుతున్నారు, నేను కనిపెట్టిందేమీ కాదు. అయినా కిరాణా గుండుతో మెదడు జాడ తెలియడం చిత్రంగానే ఉంది.

మొత్తం ఖర్చు: పట్టీ, కాగితాలు కలిపి 1,620. రికార్డింగులు: 46. పారేసినవి: 35.

దశ 6: డాక్టరు గారి బల్ల మీద

కాగితాలు చూసి ఆయన ముందుగా ఫ్యాను పేజీ దగ్గర ఆగి నవ్వారు. ఆపైన నా పెట్టెను పక్కన పెట్టి తన పరీక్ష తాను చేశారు: ముక్కును, తన వేలిని మార్చి మార్చి తాకించడం, నడిపించడం, మోచెయ్యి బిగువు చూడటం, కాగితం మీద నత్తచుట్టు గీయించడం. థైరాయిడ్ రక్తపరీక్ష, ఈసీజీ రాశారు. ఉబ్బసం ఉందా అని అడిగారు. అన్నీ సవ్యంగా వచ్చాక ఎసెన్షియల్ ట్రెమర్ అని చెప్పి ప్రొప్రనలాల్ మొదలుపెట్టారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ మందు పడదు, అందుకే ఆ ప్రశ్న.

"మెదడు ఫోటో తీయరా?" అని అత్త అడిగింది. బయల్దేరే ముందే స్కానింగుకు డబ్బు ముడి వేసుకుని వచ్చింది.

"తీసినా ఈ జబ్బులో ఎంఆర్‌ఐ మామూలుగానే కనిపిస్తుందమ్మా. వేరే అనుమానం ఉంటేనే తీస్తాం" అన్నారు. పార్కిన్సన్సా కాదా తేలనప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనం రవాణాను చూపే వేరే స్కాను ఉందనీ, ఇక్కడ ఆ అవసరం లేదనీ చెప్పారు.

విదేశంలో ఉన్న మా బావ పంపిన వీడియో సంగతి నేనే ఎత్తాను: కోత లేకుండా, ధ్వనితో చేసే చికిత్స. ఆయన పది నిమిషాలు ఓపిగ్గా చెప్పారు. నాకు అర్థమైనంత రాస్తాను.

వణుకును మోసే దారి, మెదడు నడిమిన ఉండే థాలమస్‌లో ఒక చిన్న నరకణాల గుంపు గుండా పోతుంది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిడ్ అనే మెదడు సర్జను బృందం అక్కడ సన్నని తీగ పెట్టి సెకనుకు వందకు పైగా విద్యుత్ స్పందనలు ఇస్తే వణుకు ఆగుతుందని చూపింది. అదే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్. దానికి పుర్రెకు రంధ్రం చేయాలి. కొత్త పద్ధతిలో రంధ్రం లేదు. తలకు శిరస్త్రాణంలాంటిది తొడుగుతారు, అందులో 1024 ధ్వని వనరులు. ఒక్కొక్కటి బలహీనమే, అన్ని అలలూ ఒకే చోట ఒకే లయలో కలిసేలా చేస్తే ఆ చోటు మాత్రం 55 నుంచి 60 డిగ్రీల దాకా వేడెక్కి ఆ కణజాలం మాడుతుంది. పుర్రె మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కనుక ముందే సీటీ తీసి, ఏ అలను ఎంత ఆలస్యంగా పంపాలో లెక్క కడతారు. కొందరి పుర్రె ఎముక ధ్వనిని ఎక్కువగా మింగేస్తుంది, వాళ్లకు ఈ పద్ధతి సరిగ్గా కుదరదు. అమెరికాలో 2016లో ఎసెన్షియల్ ట్రెమర్‌కు అనుమతి వచ్చింది.

నన్ను కట్టిపడేసింది ఉష్ణోగ్రత కొలిచే తీరు. తల లోపల థర్మామీటరు పెట్టరు. ఎంఆర్‌ఐలో నీటి ప్రోటాన్ల (హైడ్రోజన్ కేంద్రకాల) పౌనఃపున్యం, ఒక డిగ్రీ వేడికి పది కోట్లలో ఒక వంతు చొప్పున తగ్గుతుంది. 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) యంత్రంలో ఆ పౌనఃపున్యం సుమారు 12.77 కోట్ల హెర్ట్జ్. డిగ్రీకి మారేది 1.3 హెర్ట్జ్. నేను ఆరు హెర్ట్జ్‌లో 0.9 తప్పు పట్టుకోవడానికి రెండు రోజులు తంటాలు పడ్డాను.

ముందు 45, 50 డిగ్రీల దగ్గర ఆపి చూస్తారట. రోగి మెలకువగానే ఉంటాడు. ప్రతి విడత తరువాత నత్తచుట్టు గీయిస్తారు. గీత నునుపైతే చోటు సరైనదే. ఇంత యంత్రం చివరికి పెన్సిలు గీతనే అడుగుతుంది. కొందరికి తిమ్మిరి, నడకలో తూలు మిగిలిపోవచ్చని కూడా ఆయన దాచలేదు. "మందు పని చేయకపోతే అప్పుడు మాట్లాడుకుందాం మాస్టారూ" అన్నారు.

అత్తకు ఒక్కటే అనుమానం. "తల గొరిగించుకోవాలా?"

"పూర్తిగానమ్మా. వెంట్రుకల మధ్య గాలి ఉంటే ధ్వని లోపలికి పోదు."

"తలనీలాలు ఇస్తే చిన్న తిరుపతిలో ఇస్తాను గానీ మరమనిషికి ఇవ్వను." అక్కడితో ఆ చర్చ ముగిసింది.

దశ 7: మందుకు ముందు, తరువాత

ఒకరోజు ముందు, ఒకరోజు తరువాత కొలిచి పోల్చకూడదు. మందు లేకుండానే రోజుకూ రోజుకూ ఎంత తేడా ఉందో చూడండి. అల్లుతున్నప్పుడు, ఐదు ఉదయాలు: 0.19, 0.14, 0.22, 0.17, 0.21 జీ. సగటు 0.186. రెండో రోజును ముందు, మూడో రోజును తరువాత అనుకుంటే మందు వణుకును పెంచిందని రాసేవాణ్ణి.

మందు మొదలైన మూడో వారంలో ఐదు ఉదయాలు: 0.11, 0.09, 0.13, 0.10, 0.12. సగటు 0.11. అంటే 41 శాతం తగ్గుదల. పౌనఃపున్యం మాత్రం 5.9 దగ్గరే ఉంది. మందు తాళాన్ని మార్చలేదు, చప్పుడు తగ్గించింది.

ఒక లోపం ఒప్పుకోవాలి. ఏ రోజు మందు వేసుకుందో అత్తకూ తెలుసు, నాకూ తెలుసు. మందు మొదలయ్యాక తను ధైర్యంగా కూర్చుంది, ఆ ధైర్యం కూడా ఈ 41లో కలిసే ఉంటుంది. ఎవరికీ తెలియకుండా ఉత్తి మాత్రలు కలిపి చూడటం డాక్టరు గారి పర్యవేక్షణ లేకుండా చేసే పని కాదు కనుక చేయలేదు.

0.11 జీ అంటే మొత్తం ఊపు 1.6 మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్ల కంట్లో పట్టాలి. అత్తను అడిగాను.

"పొద్దున పడుతోంది. సాయంత్రం లాంతరు వేళకు మళ్లీ అవతల పడుతోంది. నువ్వు పొద్దునే కొలుస్తావు."

నిజమే. సాయంత్రపు కొలత ఒక్కటీ లేదు నా దగ్గర.

మొత్తం ఖర్చు: 1,620. రికార్డింగులు: 61. పారేసినవి: 40.

ఈ రోజు సాయంత్రం ఆరింటికి 62వది మొదలుపెట్టాను. ఫ్యాన్లు కట్టాను, బల్ల మీద ఖాళీ నిమిషం శుభ్రంగా వచ్చింది, గాజులకు రుమాలు కట్టాం. 38వ సెకనులో వంటింట్లో పాలు పొంగిన చప్పుడైంది. నడుముకున్న పెట్టెతో సహా లేచి వెళ్లి దించి వచ్చింది. పారేసినవి: 41.